ఇరవై నిమిషాలకు నిద్ర

మార్చి 3, సోమవారం

రెండో మెమో. చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే రెండు.

మా ఆసుపత్రి స్టోర్ గదిలో పిల్లల టీకాల ఫ్రిజ్ ఉంది. లోపల టెంపరేచర్ రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉండాలి. డ్యూటీ వేళల్లో ఐదు నిమిషాలకోసారి ఎంత ఉందో ఒక పాత లాప్‌టాప్ పెన్‌డ్రైవ్‌లో రాస్తుంది. దాంట్లో విండోస్ కాదు, లైనక్స్. ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోతుంది. అది నిద్రపోతే రికార్డులో గ్యాప్. గ్యాప్ వస్తే మెమో.

నా షిఫ్ట్ ఒంటిగంటకి అయిపోతుంది. గ్యాప్‌లన్నీ ఒకటిన్నరకీ మూడింటికీ మధ్య, అంటే సన్నాయి షిఫ్ట్‌లో. ఆ వేళకి ఆమె పక్క గదిలో కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటుంది. మెమో మాత్రం నాకు. లాప్‌టాప్ బాధ్యత కొత్త టెక్నీషియన్‌దని నా ఆర్డర్‌లో ఉందట. మూడోది వస్తే నెలాఖరుకి కాంట్రాక్ట్ పొడిగించరు. ఈ మాట మా ఇన్‌చార్జి మేడమ్ నవ్వుతూ చెప్పింది. ఒళ్ళు మండిపోయింది.

సన్నాయి ఆమె పేరు కాదు. నోరు తెరిస్తే సన్నాయి నొక్కులే కాబట్టి నేను పెట్టుకున్నాను. పాతికేళ్ళ సర్వీసు, ఒక్క మెమో లేదు. ఆ సంగతి రోజుకోసారి గుర్తుచేస్తుంది.

మార్చి 4

పవర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దాన్ని నిద్రపుచ్చే ఆటోమేటిక్ సస్పెండ్ ఆఫ్ చేశాను. స్క్రీన్ బ్లాంక్ దగ్గర నెవర్. పీడా పోయింది.

మార్చి 5

మళ్ళీ ఇరవై నిమిషాలు.

మార్చి 6, ఉదయం 8.10

మళ్ళీ. నిన్న నా కళ్ళతో చూసి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకుని వెళ్ళాను. రాత్రికి రాత్రి దయ్యాలు వచ్చి మార్చవు కదా. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేది ఒక్కతే.

మార్చి 7

లాప్‌టాప్ మీద చీటీ అంటించాను: దయచేసి సెట్టింగ్స్ ముట్టుకోవద్దు. పొద్దున వచ్చేసరికి చీటీ మీద టీ గ్లాసు గుండ్రంగా మరక. సెట్టింగ్ ఇరవై నిమిషాలు.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. సంగతంతా విని, బండి ఆగిపోతే ముందు పెట్రోల్ ఉందో లేదో చూడమంటాం గాని పక్క సీటు వాళ్ళని తప్పుపట్టమని చెప్పం అన్నాడు. నీ పాఠాలు నీ స్టూడెంట్లకి చెప్పుకో అన్నాను.

మార్చి 10, సోమవారం

నత్త వచ్చాడు. బిల్డింగ్‌లోని కంప్యూటర్లన్నీ చూసే మనిషి. సోమవారమే వస్తాడు, అదీ పదకొండు దాటాక. లాప్‌టాప్ తిరగేశాడు, ఆపాడు, మళ్ళీ పెట్టాడు. అప్‌డేట్లు చేశాడు. టెర్మినల్ తెరిచి ఒక కమాండ్ కొట్టాడు. ఎర్రర్ రాలేదు కాబట్టి సెట్టింగ్ సేవ్ అయినట్టేనన్నాడు. రేపు పోతే ఏం చెయ్యాలని అడిగితే, లైనక్స్ చెప్పినట్టు వింటుందని, విననిది మనుషులేనని తేల్చాడు.

విన్నారా సన్నాయి గారూ.

మార్చి 11

పోయింది.

మార్చి 12

సన్నాయిని ముఖం మీదే అడిగాను. తనకి ఆ డబ్బాతో పనే లేదంది. ఈ కాలం పిల్లలకి పని రాకపోయినా నోరు మాత్రం బాగా వస్తుందని గోడకేసి చూస్తూ గొణిగింది. ఇంక ఊరుకోలేదు. తెల్లకాగితం తీసుకుని కంప్లైంట్ రాశాను. కావాలనే మారుస్తోంది, నన్ను పంపించెయ్యాలని చూస్తోంది అని రెండు పేజీలు. మేడమ్ బల్ల మీద పెట్టి వచ్చాను.

మార్చి 14

సన్నాయికి మెమో. పాతికేళ్ళలో మొదటిది. షిఫ్ట్ మారేటప్పుడు చూశాను. ఆ మెమో నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది. నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా, కాసేపు.

మార్చి 17, సోమవారం

రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని షిఫ్ట్ అయ్యాక ఇంటికి వెళ్ళలేదు. ఎప్పటిలాగే లాగౌట్ చేసి, వరండాలోకి వెళ్ళి అద్దాల కిటికీ పక్కన దొంగలా నిలబడ్డాను.

సన్నాయి వచ్చింది. చేతిరుమాలుతో బల్ల తుడిచింది. గెస్ట్ అన్న చోట నొక్కింది. తెర మీద ఒక పెట్టె వచ్చింది, ఓకే కొట్టింది. రికార్డు నడుస్తోందో లేదో చూసి, రిజిస్టర్లు తీసుకుని పక్క గదిలోకి పోయింది. అంతే. ఏ సెట్టింగూ ముట్టుకోలేదు.

లోపలికి వెళ్ళి నేనే మళ్ళీ లాగౌట్ చేసి, గెస్ట్ నొక్కాను. అదే పెట్టె. ఇది తాత్కాలిక సెషన్, లాగౌట్ చెయ్యగానే ఇందులో మార్చినవన్నీ చెరిగిపోతాయి అని నాలుగు లైన్లు. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే నేను చదవకుండా ఓకే కొడుతున్న పెట్టె అదే.

ఇక్కడ అందరూ గెస్టే. చేరిన రోజే సన్నాయి నాకు చెప్పింది. వెనకటికి ఒకతను సొంత పేరుతో లాగిన్ అయ్యేవాడట. రిపోర్టులో ప్రతి లైను పక్కనా అతని పేరు పడిందట. ఏదో తప్పు దొరికి ఇంటికి పంపేశారట. అప్పట్నుంచి ఈ గదిలో ఎవరి పేరూ ఎక్కడా పడదు. పేరు లేని మనిషి పెట్టిన సెట్టింగుని లైనక్స్ మాత్రం ఎవరి కింద దాచుకుంటుంది?

రెండు పేజీలు రాశాను ఆమె మీద. వెళ్ళి తప్పయిందని చెప్పాలి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 18

నత్తకి ఫోన్ చేసి నా పేరుతో అకౌంట్ తెరిపించుకున్నాను. సస్పెండ్ ఆఫ్. నెవర్. లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అయ్యాను. ఉంది.

ఇకనుంచి లాగౌట్ చెయ్యొద్దని, నా పేరు మీదే నడవనివ్వమని సన్నాయికి చెప్పాను. తెర మీద నా పేరు చూసింది.

"నా మధ్యాహ్నానికి నీ పేరెందుకమ్మాయ్?" అంది.

లాప్‌టాప్ బాధ్యత నాదేగా అన్నాను. కంప్లైంట్ సంగతి అప్పుడైనా ఎత్తాల్సింది. ఎత్తలేదు.

మార్చి 19

గ్యాప్ లేదు. మొదటిసారి రోజంతా రికార్డు అయింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది. తర్వాత అంకెలు చదివాను.

1.40కి తొమ్మిది. 2.00కి పదకొండు. 2.25కి పదమూడు. 3.05కి ఏడు.

మార్చి 20

వరండాలో కాదు, ఈసారి ఫ్రిజ్ ముందే కూర్చున్నాను. ఒకటిన్నరకి అవతలి గదిలో స్టెరిలైజర్ వేశారు. వోల్టేజ్ పడిపోయి లైటు మసకబారింది. ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది. రెండున్నరకి స్టెరిలైజర్ కట్టేశాక మళ్ళీ మొదలైంది. పొద్దున తొమ్మిదికీ సాయంత్రం ఐదుకీ మేము చేత్తో రాసే రీడింగులు ఎప్పుడూ బాగానే ఉంటాయి మరి. స్టెరిలైజర్ పెట్టి ఐదు నెలలయిందట. ఐదు నెలలుగా రోజూ ఆ గంటన్నరా లాప్‌టాప్ నిద్రపోతోంది, టీకాలు ఉడుకుతున్నాయి.

అంకెలు ప్రింట్ తీసి మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. కాగితం చూసింది. తలుపు వేసి రమ్మంది.

"నిద్రపోతున్నదాన్ని ఎందుకు లేపావు?" అంది.

ఫ్రిజ్‌కి వేరే లైను వేయిస్తుందట. పాత సంగతి పాతదేనట. ఈ రెండు రోజుల రికార్డూ తీసేసి మళ్ళీ గెస్ట్‌లోకి పొమ్మంది. మెమోలు రెండూ చించేస్తుందట, ఏడాదికి కాంట్రాక్ట్ ఇస్తుందట. పై ఆఫీసుకి వెళ్తే మాత్రం ఆ కాగితం మీద ప్రతి లైను పక్కనా ఉన్నది నా పేరేనని, అది మర్చిపోవద్దని చెప్పింది. ఈసారి నవ్వలేదు.

మార్చి 21

ఆ ఉద్యోగం నాకు కావాలి. పచ్చిగా రాసుకుంటున్నాను, కావాలి. ఇంటద్దెలో సగం నా జీతమే. రాత్రి మా ఆయన ఏదో ఒకటి అంటే పోట్లాడి తేల్చుకునేదాన్ని.

ఒంటిగంటకి సన్నాయి వస్తే కాగితం ఆమె ముందు పెట్టాను. కంప్లైంట్ అబద్ధమని, తప్పు నాదని కూడా చెప్పేశాను. ఆ మాట ఆమె విన్నట్టే లేదు. తేదీలు అడిగింది. ఎప్పట్నుంచి, ఎప్పట్నుంచి అని మూడుసార్లు. స్టూలు మీద కూలబడింది. జనవరిలో మనవరాలిని కోడలి చేత ఇక్కడికే పిలిపించుకుని, వరసలో నిలబడకుండా దగ్గరుండి టీకా వేయించిందట. మధ్యాహ్నం మూడింటికి.

"ప్రింట్ తియ్యి. రెండు కాపీలు," అంది.

తీశాను. పై ఆఫీసుకి తీసుకెళ్ళి నేనే ఇచ్చాను.

మార్చి 25

ఫ్రిజ్‌కి సీలు వేశారు. మేడమ్ సెలవు మీద వెళ్ళింది. నా కాంట్రాక్ట్ ముప్పై ఒకటితో సరి. కారణం రాయలేదు.

మార్చి 28

నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు. ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి, వేసిన టీకా పనికిరాదు, మళ్ళీ తీసుకురండి అని చెప్పాలి. జాబితా చెరి సగం చేసుకున్నాం.

మొదటి నంబరు సన్నాయి కాగితం చూడకుండానే కొట్టింది. కోడలు ఎత్తింది.