వడగళ్ళలో కలిసిన వేడినీళ్ళు

అన్నా,

మంచు కరిగితే నదికి ఎన్ని నీళ్ళొస్తాయో కొలవడానికి కొండలకు వెళ్ళి, నువ్వక్కడే ఉండిపోయి నేటికి మూడేళ్ళు. నైజాం రాజ్యం పోయినా, కోకాపేటలో వాన కొలిచే పని ఇంకా నాదే.

నిన్న వడగళ్ళు పడి కొలత డబ్బా అంచుదాకా నిండింది. ఎత్తు చూసి మోసపోవద్దు, కరిగించి కొలవమని నువ్వు నేర్పినట్టే గ్లాసెడు వేడినీళ్ళు పోశాను. కరిగాక కొలిచి, గండిపేట గేట్ల దగ్గరుండే ఎల్లయ్య మామకు చీటీ పంపాను. గ్లాసు తుడుస్తుంటే గుర్తొచ్చింది. నేను పోసిన వేడినీళ్ళు తీసివేయనే లేదు! చెరువు నిండుగా ఉంది. ఆ లెక్క నమ్మి గేట్లెత్తితే మూసీ ఇసుకలో కర్బూజా తోటలు, ఆ రైతుల గుడిసెలు కొట్టుకుపోతాయి.

పరుగెత్తాను. గేట్లెత్తుతున్నామని చాటింపు వేయడానికి మామ అప్పటికే డప్పు భుజాన వేసుకున్నాడు.

"మామా, ఆగు! గ్లాసెడు ఎక్కువ రాసిన."

"జర ముందుగాల చెప్పొద్దార! పానం పోయినంత పనైంది," అంటూ డప్పు దించి, కట్ట మీదే కూలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. కింద గుడిసెల్లో పొయ్యిలు వెలుగుతున్నాయి.

ఆ గ్లాసు నీదే, అన్నా. కొండల నుంచి నీ పెట్టె ఒక్కటే వచ్చినప్పుడు, అందులో పగలకుండా మిగిలింది అదే. కడిగి, మళ్ళీ నీ ఉన్ని శాలువాలో చుట్టి పెట్టాను.