బయటి రాష్ట్రం పిల్ల

యూనివర్సిటీ స్కాలర్‌షిప్పుల అధికారి టాలివర్ గారికి,

మా చెల్లెలి కూతురు మారెన్ లిండ్‌క్విస్ట్ దరఖాస్తులో దొర్లిన తప్పు నాది, పిల్లది కాదు. థాంక్స్‌గివింగ్ పండక్కి మిన్నెసోటా నుంచి వచ్చినప్పుడు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నింపింది. ఓవెన్లో పెట్టిన పెకాన్ గింజల కేకు కాలిందేమో చూసి రమ్మని దాన్ని లేపి, చిరునామా దగ్గర నేనే మా అలబామా ఇల్లు రాసేశాను. ఈ రాష్ట్రం పిల్లయితే ఫీజు తగ్గుతుందనుకున్నాను. మంచి మార్కులతో బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు మీరు ఫీజంతా మాఫీ చేస్తారని నాకు తెలియదు.

ఆ మాఫీకి అర్హత లేదన్న మీ ఉత్తరం చూసి నిన్న ఫోన్ చేసింది. "నీ ప్రేమ వల్ల నేను లోకల్ అయిపోయాను. నన్ను పరాయిదాన్ని చెయ్యి పెద్దమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ మాటే రెండుసార్లు అంది.

కాబట్టి రాసి ఇస్తున్నాను. మారెన్ ఏనాడూ మా ఇంట్లో నివాసం ఉండలేదు. పుట్టి పెరిగింది మిన్నెసోటాలోనే. రుజువు కావాలంటే మన అలబామా వాళ్లం పానకంలా తాగే చల్లటి తీపి టీ ఒక గ్లాసు ఇచ్చి, మింగలేక అది పెట్టే మొహం చూడండి. మేడమీది గదికి దానికోసం రంగు వేయించిన మాట నిజమే, అది వేరే సంగతి.

ఒక్క సందేహం. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తే నివాసం కింద లెక్కిస్తారా? లెక్కించేటట్లయితే ముందే చెప్పండి, గిన్నెలు సర్దుకుని హాస్టల్‌కి నేనే వస్తాను.

ఇట్లు,
మారెన్ పెద్దమ్మ