రేడియేటర్ పక్కన అమ్మ వీణ

జనవరి 6
పెదవులు మళ్ళీ పగిలాయి. దుప్పటి మడతపెడుతుంటే వేళ్ళకు చురుక్కున షాక్. నిన్న ఆరేసిన తువ్వాళ్ళు పొద్దుటికే అప్పడాలు. కాకినాడలో ఈ రోజుల్లోనూ జాడీలో ఉప్పు ముద్దకట్టేది, అగ్గిపుల్ల నాలుగుసార్లు గీస్తేగానీ వెలిగేది కాదు... ఆ చెమ్మను ఎంత తిట్టుకునేవాళ్ళం! ఇప్పుడు దానికే మొహంవాచి ఉన్నాను.

జనవరి 9
వీణ శ్రుతి నిలవడం లేదు. బిరడా ఎంత బిగించినా జారిపోతోంది. పోయిన వేసవిలో, తన వేళ్ళు వణుకుతున్నాయని, "ఇక నీ దగ్గరే ఉండనీవే" అని ఇచ్చింది అమ్మ. పదిలంగా చూసుకోగలనా అని అప్పుడే అనుమానం.

జనవరి 12
వీణ కుండ మీద సన్నని గీత. తలవెంట్రుక అనుకుని తుడిచాను. పోలేదు. గోరు పెడితే దిగింది.
పగులు.
గదిని వెచ్చబరిచే రేడియేటర్ పక్కన పెట్టింది నేనే. వానాకాలమంతా అమ్మ వీణను వంటింటి గోడకు ఆనించి, పొయ్యి వెచ్చదనం తగిలేలా ఉంచేది. "చెమ్మెక్కితే పనసకర్ర మూగబోతుందే" — ఆ మాటను సముద్రాలు దాటించి తెచ్చాను. ఈ ఫ్లాట్‌లో చెమ్మెక్కడుందని ఒక్కసారీ ఆలోచించలేదు. ఇంత చదువూ ఎందుకు?

జనవరి 13
నిధి స్కూల్ నుంచి తేమ కొలిచే మీటర్ తెచ్చింది. "ట్వెంటీ సిక్స్ పర్సెంట్, మమ్! నో వండర్ నా ముక్కు బ్లీడ్ అవుతోంది." తేమ కోసం గదినిండా నేను పెట్టిన నీళ్ళ గిన్నెలు చూసి మురళి, "ఏంటి సుధా, ఇంట్లో పుష్కరాలా?" నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. హీటింగ్ తగ్గించాను. తండ్రీకూతుళ్ళు కోట్లు వేసుకుని టీవీ చూస్తున్నారు, పాపం.

జనవరి 17
ఇక్కడే స్టాన్‌మోర్‌లో వీణలు బాగుచేసే అంకుల్‌కి ఫొటోలు పంపాను. "అతికించొచ్చమ్మా. నాదం మునుపటిలా ఉంటుందని మాత్రం మాటివ్వలేను."
అమ్మకు చెప్పాలా...

జనవరి 18
అమ్మ ఫోన్. "ఏమే, ఓసారి వాయించి వినిపించు."
"జలుబమ్మా."
"జలుబుకీ వేళ్ళకీ ఏం సంబంధమే!"
రేపు అన్నాను.

జనవరి 19
వీడియోలో పగులు కనబడకుండా వీణను అటు తిప్పి కూర్చున్నాను. సరళీ వరసలు. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. "మంద్రం గొంతారిపోయినట్టుందేమే?"
వీణను ఇటు తిప్పాను. రేడియేటర్ సంగతి కూడా చెప్పేశాను.
"ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటా" అని లేచింది. లోపల్నుంచి సొరుగులు లాగుతున్న చప్పుడు. ఫోన్‌లో అమ్మ కుర్చీ మాత్రం కనబడుతోంది. అందాకా ఇది రాస్తూ కూర్చున్నాను... సొరుగుల చప్పుడు ఆగి, ముక్కు చీదిన శబ్దం వినిపించింది. ఇంకా రాలేదు.