గుడ్డెస్ట్ కాదు, బెస్ట్

శ్రావణి నాయనకు,

ఇవాళ హజీరా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగినప్పుడు ఏ ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకున్నావో, దాని ఇంటర్వ్యూకే రమ్మన్నారు.

సూరత్‌లో, గోడాదరాలోని మన ఒంటి గదిలో పిల్ల టీచరు, నువ్వు విద్యార్థివి. చిన్న మాటకు చివర ‘ఎస్ట్’, పెద్ద మాటకు ముందు ‘మోస్ట్’ అని అది చెబితే, స్మాలెస్ట్, టాలెస్ట్, మోస్ట్ బ్యూటిఫుల్ అని వల్లె వేసేవాడివి. ఒకసారి ‘గుడ్డెస్ట్’ అన్నావు.

“గుడ్డెస్ట్ గాదు నాయినా, బెస్ట్!”

“గిదేందే? అన్నిటికి ఒక రూలు, దీనికి ఇంకోటా?”

నవ్వీ నవ్వీ దానికి పొలమారింది. నువ్వే నీళ్లు తాగించావు.

నువ్వు పోయి నలభై రోజులైంది. కరోనా అని ఆసుపత్రిలో మాకు నీ మొహం కూడా చూపించలేదు.

ఫోన్‌లో కంపెనీ ఆయన నీ పేరు చదివి, ఉన్నారా అని హిందీలో అడిగాడు. లేరని చెప్పడానికే నోరు తెరిచాను.

“కల్ ఆయేంగే సాబ్” అన్నాను. రేపు వస్తారని చెప్పేశాను.

శ్రావణి నా వైపే చూసింది. లేచి, నీ తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

నేను ఆపలేకపోయాను.