నిండు గిన్నె

నరీన్,
జూలై 9

చిరంజీవి తమ్ముడు తాలయ్‌బెక్‌కు అక్క సాల్కిన్ దీవెనలు. నువ్వూ, మరదలు గుల్బారా, గొర్రెలూ గుర్రాలూ కొండమీద క్షేమమని తలుస్తాను. చిరంజీవి అని రాశానే గానీ, నీ వాలకం చూస్తే ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

పోయిన వారం నా ఇంటికొచ్చావు. రొట్టె విరిచి, నేను పోసిన టీ గిన్నె చూసి, మొహం మాడ్చుకుని లేచిపోయావు. తోడబుట్టినవాణ్ణి గిన్నె నిండా పోసి గెంటేసిందని ప్రతి గుడారంలోనూ చెప్పుకుంటున్నావట. పాలబండి డ్రైవరు కూడా నన్ను అదోలా చూస్తున్నాడు. అవును, అంచుదాకా పోశాను. గౌరవించే అతిథికి సగమే పోసి మళ్ళీ మళ్ళీ అందిస్తామనీ, ఇక లేవమని చెప్పలేనివాడికే నిండా పోస్తామనీ నాకు తెలియదా? ఆ మర్యాద నీకు నేర్పిందే నేను.

కానీ సగం సగం పోస్తే నువ్వెంత తాగావో ఎవరికి తెలుస్తుంది? వసంతంలో డాక్టరమ్మ ఐజాదా టీ తగ్గించమంటే, నేనెప్పుడూ సగం గిన్నే తాగుతానని గొప్పగా చెప్పావు. నీ సగం గిన్నెలతో సాయంత్రానికి కెటిల్ ఖాళీ. అదీ ఉప్పు టీ! గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా తోయలేకపోతే నీరు కాళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతుందనీ, ఉప్పు ఆ నీటిని పోనివ్వదనీ ఆమె నా ఎదుటే చెప్పింది. నువ్వేమో కాళ్ళు పట్టడం లేదని బూట్లు కుట్టినవాణ్ణి తిడుతున్నావు.

ఇక మాత్రల సంగతి. నీ పాత షుగర్ మాత్ర ఒంట్లో నీరు నిలిపేస్తుంది, ఈ గుండెకు పనికిరాదని మాన్పించి ఆమె కొత్తది రాసింది. అది చక్కెరతోపాటు నీటినీ మూత్రంలో పంపేస్తుంది, గుండెకూ మేలు. నీకు అదే తప్పయింది. "గుర్రం దిగి ఎక్కడానికే పొద్దు సరిపోతోంది" అని దాన్ని పక్కన పడేసి మళ్ళీ పాతదే మింగుతున్నావని గుల్బారా ఏడుస్తూ కబురు పంపింది. వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూర్చుంటున్నావట కదా, దానికన్నా గుర్రం దిగడం కష్టమా?

ఆ పాత మాత్రలు ఈ ఉత్తరం తెచ్చే పాలబండికే ఇచ్చి పంపు, నేను కళ్ళారా చూడాలి. ఆ వెనకే నువ్వూ కొండ దిగి ఐజాదాకు కనపడు. ఏ మాత్ర వేసుకోవాలో, ఏది మానాలో చెప్పాల్సింది ఆమె, నువ్వూ కాదు, నీ గుర్రమూ కాదు.

కోపం ఇంకా తీరని
అక్క సాల్కిన్

తా.క.: ఒక మాట దాచాను. ఆ రోజు నీ ముందు పెట్టిన గిన్నె నాది. నా కాళ్ళూ వాచాయి తమ్ముడూ, నాదీ నీలాంటి గుండేనని ఐజాదా తేల్చింది. పూటకు ఒక్క గిన్నె టీ అంది. కొలత తప్పకుండా ఒకేసారి నిండా పోసుకుంటున్నాను. ఆ పూట అది నీకిచ్చేశాను. నా ముందు గిన్నే లేదని నువ్వు చూసుకోలేదు. ఇప్పుడు రోజూ నా ఇంట్లో నేనే నిండు గిన్నె ముందు కూర్చుంటున్నాను, నన్నే ఎవరో లేచి పొమ్మన్నట్టుంటోంది. నువ్వు రా. చెరి సగం పోసుకుందాం.