మింగిన జవాబు

అధికారి గారికి,

నాకు రాయడం రాదు, మా కోడలు రాస్తోంది. మాటలు మెత్తబరచడం దాని అలవాటు కాబట్టి, చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను.

మా లాండ్రీ షెడ్డులో నేను నడిపిన మీటింగు పరీక్ష కోసం మీరు వచ్చి చూశారు. ‘ఈమె నోరే తెరవలేదు, నడపడం చేతకాదు’ అని నన్ను ఫెయిల్ చేసి, ఇకపై మీటింగులు సూపర్‌వైజరే నడపాలన్నారు. ఆయన నడిపితే ఆయన గొంతొక్కటే వినపడుతుంది. నేను ఒప్పుకోను. “ఇది మనవి అని రాయనా అత్తయ్యా?” అంటోంది కోడలు. వద్దు, ఒప్పుకోననే రాయమన్నాను.

మాట్లాడలేక ఊరుకోలేదండీ. నా నోటికి వీధి వీధంతా జడుస్తుంది, కావాలంటే ఇది రాస్తున్న మనిషినే అడగండి. మీటింగు నడిపేవాళ్లు తామే జవాబు చెప్పకూడదని శిక్షణలో మీ టీచరమ్మే నేర్పింది. బట్టలారేసే తీగల్లో ఎండ తగిలేవి పొద్దుటి షిఫ్టు వాళ్లవా, మధ్యాహ్నం షిఫ్టు వాళ్లవా అని అందరూ కొట్టుకుంటుంటే, జవాబు నా నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగాను. ఎవరూ పట్టించుకోని ఇస్త్రీ ఆవిడ పక్కకు స్టూలు జరుపుకుని, ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. మెల్లగా అందరూ అటే చూశారు.

“దుప్పట్లకి గాలి చాలు కదమ్మా, వెనక గోడవైపు వేసుకుందాం. ఎండ తీగలు చిన్న బట్టలకి వదిలేద్దాం, ఎవరివైనా సరే,” అంది ఇస్త్రీ ఆవిడ.

గొడవ అక్కడితో ఆగింది. నేను మింగిన జవాబు కంటే అదే మేలు.

మళ్లీ పరీక్ష పెట్టండి. అప్పుడూ నోరు తెరవను. నా నోరు వినాలని అంత ముచ్చటగా ఉంటే కబురు చేయండి, మీ ఆఫీసుకే వస్తాను.

ఇట్లు వేలిముద్ర వేసినది,
లాండ్రీ పెద్దమ్మ