నపీరలో పగులు

సుల్తానాబాద్,
దసరా అయిన పదో రోజు

నా డోలు బామ్మర్ది సిద్దిరాములుకు, నీ బావ కొమురెల్లి రాస్తున్నది.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎనిమిదేళ్లుగా ఎత్తలేదు. మీ అక్క ఐలవ్వతో మాత్రం గంటసేపు మాట్లాడతావు. నేను అర్రలోకి రాగానే ఆమె ఫోను కొంగు కింద దాచేస్తుంది. అందుకే ఉత్తరం. చింపేవాడు కూడా చింపేముందు ఒక్క వరుస చదువుతాడు. నా అక్షరాలు బొగ్గుబాయి వాళ్లు పెట్టిన పెద్దల బడిలో నేర్చినవి, అంతకంటే చక్కగా రావు.

కాళ్లు పట్టుకోవడానికి రాస్తున్నానని అనుకోకు. నాకు నీ చెవి కావాలి, అంతే.

ఇన్నేళ్లు ఒగ్గుకథల్లో ఊదిన నా నపీర గోడకు వేలాడుతోంది. ఊపిరితిత్తుల నిండా బొగ్గే ఉందని, ఊదితే బతకవని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. నా వెనక నపీర నేర్చినవాడు లేడు. నాలుగు ఊళ్లలో అడిగాను, ఎవరి బుగ్గలూ అంత గాలి పట్టనన్నాయి. ఇప్పుడు మన ఒగ్గుకథ కుమారస్వామి చెబుతున్నాడు. కథ బాగానే చెబుతాడు, గొంతు ఉంది. మాఘమాసంలో ఆదివారం నాడు ఇక్కడ మల్లన్న కథ పెట్టుకున్నారు. మొన్న వాడు వచ్చి, "మామా, నపీర లేకుంటె కథ బోసిగ ఉంటది. కరీంనగర్ల స్టూడియోల సప్పుడు జేపిచ్చి డబ్బాల పెడదాం, నువ్వు జర వచ్చి విను" అన్నాడు. పోయాను.

ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం మీద ఒక అర్ర. గోడలకు నల్ల పరుపు ముక్కలు అంటించారు. జ్యోతిరాణి అని నలభై ఏళ్ల మనిషి, జానపదాలు పాడుతుంది, పాటలన్నీ తనే కంప్యూటర్‌లో కట్టుకుంటుంది. ఒక మీట నొక్కి, "గిదేనా మామా?" అంది.

"గిది షెహనాయి. నపీర గాదు."

"రెండు ఒక్కటే గద, జర అటిటు."

"మీ అవ్వ, మీ అత్త ఒక్కటేనా, జర అటిటు?"

కుమారస్వామి నా మోచేయి గిల్లాడు. ఆమెకు కోపం రాలేదు, నవ్వింది. "షెహనాయి ఎవరో చేసి పెట్టిన్రు గనుక ఉన్నది. నపీర ఎవరు చెయ్యలే. సప్పుడును కొత్తగ పుట్టిచ్చేది గీ కంప్యూటర్లనే ఉన్నది. అంత తెల్సినోనివి నువ్వే చెయ్యి" అంది.

"చేస్త."

"మామా, అదంత ఇంగ్లీషుల ఉంటది" అన్నాడు కుమారస్వామి.

"ఎలుగు లేని బాయిల ముప్పై ఒక్కేండ్లు పనిచేసిన. ఇంగ్లీషు లేకుంట మూన్నెల్లు చెయ్యలేనా?"

అంతటితో ఆగితే నేను కొమురెల్లిని ఎందుకవుతాను? కులసంఘం కూర్చున్న రోజు అందరి ముందు లేచి చెప్పాను. మాఘం ఆదివారానికి నపీర నాదం నేను తెస్తాను. తేకపోతే షెహనాయే పెట్టుకోండి, నా నపీరను బోనం వండే పొయ్యిలో నేనే పెడతాను. మీ అక్క ఇంటికొచ్చాక, "నోరా అది, బొగ్గుబాయి మొగదలనా?" అంది.

వారానికి మూడు రోజులు పొద్దుటి బస్సుకు కరీంనగర్ పోతున్నాను. పాటలవాళ్లు వచ్చేలోపు ఆ కుర్చీ నాది. తెర మీద నూరు బొత్తాలు, వాటి చుట్టూ గీతలు, కింద చీమల వంటి ఇంగ్లీషు. ఏది తిప్పితే ఏమవుతుందో చెవితో పట్టి, దానికి నా పేరు పెట్టి, కాగితం ముక్కల మీద రాసి తెర అంచుకు అంటిస్తున్నాను. నాదం పుట్టే చోటు గొంతు. అందులో రెండు గొంతులు ఉన్నాయి, నేను ఒక్కటే తెరిచాను, నపీరకు ఒక్క గొంతే కదా. నాదంలో పదును తీసేది జల్లెడ. వణికించేది ఊపు. ఇంకో నాలుగు బొత్తాలు ఒక్క వరుసలో ఉంటాయి: లేచుడు, దిగుడు, నిలుచుడు, విడుచుడు. మొదటి రోజే ఆ నాలుగూ అర్థమయ్యాయి. ఊపిరి కూడా అదే చేస్తుంది.

నపీరకు చేతి దూరంలో ముప్పై రెండేళ్లు డోలు కొట్టినవాడివి నువ్వొక్కడివే బతికి ఉన్నావు. తయారయ్యాక వచ్చి విను. ఔనో కాదో ఒక్క మాట చెప్పి పో. అన్నం తినకపోయినా సరే.

ఇట్లు,
నీ అక్క మొగడు
కొమురెల్లి


సుల్తానాబాద్,
జనవరి 9

బామ్మర్ది సిద్దిరాములుకు, బావ రెండోసారి రాస్తున్నది.

జవాబు రాలేదు. రాదని తెలిసే పోస్టు డబ్బాలో వేశాను. ఆదిలాబాద్‌లో చలికి బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉంటావు, నా ఉత్తరం అందులో పడి ఉంటుంది. పడనీ, ఇది ఇంకొకటి.

ముందు నవ్వుకోవడానికి ఒకటి చెబుతాను. తొమ్మిది రోజులు కూర్చుని నాదాన్ని సగం దాకా తెచ్చాను. రంపం పళ్ల వంటి బొమ్మ ఉన్న గొంతు తీసుకుని, జల్లెడ బిగించి, దాంట్లో ఉత్త గాలి చప్పుడు చిటికెడు కలిపితే నపీర పీకె పెదవుల మధ్య వణికినట్టే వచ్చింది. సంతోషంతో కంప్యూటర్ ఆపి ఇంటికొచ్చి ఐలవ్వతో నాటుకోడి వండించాను. రెండో రోజు పోయి తెరిస్తే ఏమీ లేదు. అన్ని బొత్తాలూ మొదటి రోజు ఉన్నట్టే ఉన్నాయి.

"దాసుకోలేదా మామా?" అంది జ్యోతిరాణి.

"దాసుకునుడేంది? నపీరను సంచిల పెడితే నాదం అండ్లనే ఉంటది గద."

ఆమె తల పట్టుకుంది. "గిది సంచి గాదు మామా. నువ్వు దాసుకొమ్మని చెప్తేనే దాసుకుంటది. చెప్పకుంటె మర్సిపోతది."

నా అంత పెద్దమనిషికి అది ఒక ఆడమనిషి ముందు జరిగింది. కోపంతో మెట్లు దిగి బస్టాండు దాకా పోయాను. బెంచీ మీద కూర్చుంటే బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆ తొమ్మిది రోజులూ నా వేళ్లలో ఉన్నాయి కదా అనిపించింది. వెనక్కి వచ్చాను. తొమ్మిది రోజుల పని నాలుగు రోజుల్లో మళ్లీ చేశాను. ఇప్పుడు దాచుకునే మీట మూడుసార్లు నొక్కుతాను. ఒక్కసారి చాలని ఆమె అంటుంది, నేను వినను.

ఇక అసలు సంగతి. డిసెంబరు ఆఖరుకు నాదం తయారైంది. కుమారస్వామి విని, "గిదే మామా, అచ్చం గిదే" అన్నాడు. నాకు మాత్రం మింగుడు పడలేదు. నాదం శుభ్రంగా ఉంది. ఆస్పత్రి గోడ అంత శుభ్రంగా ఉంది. అన్ని బొత్తాలూ తిప్పాను, వారం తిప్పాను, మందకొడితనం పోలేదు. ఆఖరుకు ఇంట్లో సందూకు అడుగున పడి ఉన్న క్యాసెట్ పట్టుకుపోయాను. మంచిర్యాలలో మనం మల్లన్న కథ చెప్పినప్పుడు రైల్వే క్యాంటీను ఆయన పట్టిన క్యాసెట్, గుర్తుందా? నీ డోలు మధ్యలో ఆయన దగ్గు కూడా వినిపిస్తుంది.

జ్యోతిరాణి దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నాదాన్ని బొమ్మలా చూపించే కిటికీ ఒకటి ఉంది, అందులో పెట్టి చాలాసేపు చూసింది. "మామా, గిది ఒక్క సప్పుడు గాదు. రెండున్నయ్. ఒకటి సాఫ్‌గ ఉన్నది. ఇంకోటి దాని కింద, జర దిగి, బర్రుమంట దాని ఎంటనే పోతున్నది. నీ నపీరల ఏమన్న పగులుందా?" అని అడిగింది.

ఉంది. నీకు తెలుసు. మనం కలిసి తిరిగిన ఏడో ఏడు, లారీ గుంతలో పడ్డప్పుడు నువ్వు సంచి మీద కూలబడ్డావు. గొట్టానికి నెర్రె పడింది. లక్క పోసి దారం చుట్టాను. ఆ తర్వాత ఇరవై ఐదేళ్లు అదే నపీర ఊదాను, ఇరవై ఐదేళ్లు నిన్ను తిట్టాను. జనం "కొమురెల్లి నపీర మూడూళ్ల అవతలికి గుర్తువడ్తది" అన్నప్పుడల్లా, "పగలకుంటె ఆరూళ్లకు గుర్తువట్టేది" అని నీ వైపు చూసేవాణ్ని. నువ్వు డోలు సర్దుకుంటూ నవ్వేవాడివి.

రెండో గొంతు తెరిచాను. జర దించాను. ఒక్క మీట నొక్కితే మన నపీర కూసింది, సిద్దిరాములూ. జ్యోతిరాణి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. నేను లేచి బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను.

జనం గుర్తుపట్టింది ఆ పగులునే. నేను ఇరవై ఐదేళ్లు నిన్ను ఏ తప్పుకు తిట్టానో, ఆ తప్పుతోనే నాకు పేరు వచ్చింది.

ఇప్పుడు రాసేది మీ అక్కకు కూడా తెలియదు. ఎనిమిదేళ్ల కింద ఇక్కడే, మల్లన్న కథలో మేడలమ్మ పెళ్లి ఘట్టంలో నాదం తెగింది. అక్కడ తెగకూడదు. నేను మైకు ముందు నిలబడి, "గీడు పగులగొట్టిన నపీర ఇయ్యాల పరువు దీసింది" అన్నాను. నువ్వు డోలు మెడలోంచి తీసి నేల మీద పెట్టి, కాళ్ల గజ్జెలు విప్పి దాని మీద పెట్టి పోయావు. ఆ రోజు నపీరకు ఏమీ కాలేదు. నా ఊపిరి తెగింది. అప్పటికే రెండు నెలలుగా తెగుతోంది, దగ్గితే గుడ్డలో నల్లగా పడుతోంది. కొమురెల్లికి గాలి అయిపోయిందని జనం అనడం నాకు ఇష్టం లేదు. పక్కన నువ్వున్నావు, నీ మీద వేశాను.

ఫిబ్రవరిలో మాఘం ఆదివారం నాడు, అదే ఘట్టానికి ముందు, అదే మైకులో ఈ మాట చెబుతాను. నువ్వు వస్తే నీ ముందు చెబుతా. రాకపోతే నువ్వు లేకుండానే చెబుతా. చెప్పడం మాత్రం ఆగదు.

ఇట్లు,
కొమురెల్లి


సుల్తానాబాద్,
కథ అయిన మూడో రోజు

సిద్దిరాములూ,

నువ్వు బస్సెక్కి పోయావు. మీ అక్క రాత్రి దాకా గడప దగ్గరే కూర్చుంది. నీకు తెలిసిన సంగతే అయినా నా వైపు నుంచి రాయాలి.

హార్మోనియం మెట్ల వంటి చిన్న మీటల పలక ఒకటి, దానికి జ్యోతిరాణి కంప్యూటర్, దానికి సౌండు డబ్బాలు. ఆమె తనే మోసుకొచ్చి అన్నీ కలిపి పెట్టింది. తెర అంచుకు నా కాగితం ముక్కలు అట్లే ఉన్నాయి. పక్కన తాటి చెక్క మీద నా నపీర పెట్టాను, పొయ్యి కూడా పది అడుగుల దూరంలోనే మండుతోంది. పలక ముందు కూర్చోగానే వెనక ఆడవాళ్లు, "ముసలోడు టైపు మిషినీ నేర్సిండు" అని నవ్వారు. మొదటి నాదం తీసేసరికి నవ్వు ఆగింది. గొర్లకాడి ముసలి మల్లక్క చేయి చెవి వెనక పెట్టుకుని నా నోటి వైపు చూసింది. నా నోరు మూసే ఉంది. వేళ్లకు ఊపిరి అక్కర్లేదు, బామ్మర్దీ. ఎంతసేపు నిలిపితే అంతసేపు నిలుస్తుంది.

మేడలమ్మ పెళ్లి దగ్గర కుమారస్వామిని ఆపి మైకు తీసుకున్నాను. రాసినదంతా చెప్పలేకపోయాను. "ఎనిమిదేండ్ల కింద గీడ నాదం తెగింది నపీరతోని గాదు. నా ఊపిరి తెగింది. నేను అబద్ధమాడిన. సిద్దిరాములు తప్పు లేకుండె" అన్నాను. అంతే వచ్చింది. జనం ఏమనుకున్నారో చూడలేదు. మైకు ఇచ్చి కూర్చుని పెళ్లి నాదం ఎత్తుకున్నాను.

డోలు కొట్టే చేయి మారింది. నాకు వెంటనే తెలిసింది. కుమారస్వామి పిల్లగాడు కొడితే ఎడమ చేయి ముందు పడుతుంది. ఇది నా నాదం వంగే చోట ఆగి, లేచే చోట లేచింది. నేను తిరిగి చూడలేదు. చూస్తే వేలు తప్పుతుంది. ఘట్టం అయ్యేదాకా చూడలేదు. అయ్యాక చూశాను, తువ్వాలతో చెమట తుడుచుకుంటున్నావు. ముసలివాడివి అయిపోయావు. నేను కూడా అట్లే కనపడి ఉంటాను.

నువ్వు నా దగ్గరికి వస్తుంటే తిడతావనుకున్నాను. తిట్టినా బాగుండేది. వంగి తెర వైపు చూసి, 'గొంతు' అని రాసిన కాగితం ముక్క మీద వేలు పెట్టి, "రెండో గొంతు ఇంక జర దించాలె బావా. లక్క ఊడినంక అది ఇంక దిగుండె" అన్నావు. ఆ మాట అని డోలు దించి, చెప్పులు వేసుకుని, ఆదిలాబాద్ బస్సుకు పోయావు.

లోకంలో దాన్ని రెండో గొంతు అనేది నేనొక్కణ్నే. ఆ పేరు నేను ఏ కాగితం ముక్క మీదా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు, నీకు రాసిన ఉత్తరంలో తప్ప. నువ్వు చింపలేదు.

సోమవారం మొదటి బస్సుకు కరీంనగర్ పోయాను. జ్యోతిరాణి ఇంకా తాళం తీస్తోంది. "అయిపోయింది గద మామా, ఇంకేంది?" అంది. "ఒక్క బొత్తం బాకీ ఉన్నది" అన్నాను. రెండో గొంతును నువ్వు చెప్పినట్టు జర దించాను. క్యాసెట్ పక్కన పెట్టి విన్నాను. మూడుసార్లు విన్నాను. దాచుకునే మీట మూడుసార్లు నొక్కాను. దానికి ఏం పేరు పెట్టాలని ఆమె అడిగితే నీ పేరు చెప్పాను. తెలుగులోనే కొట్టింది.

ముప్పై రెండేళ్ల డోలులో, ఎనిమిదేళ్ల ఎడబాటులో నీకు ఎప్పుడూ చెప్పని మాట ఇది. నువ్వు చెప్పిందే నిజం.

మళ్లీ ఎత్తకపోయినా ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే రాస్తాను.

నీ బావ
కొమురెల్లి